ఇళ్ల క్రయవిక్రయాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చట్టం, ఆచరణ

ఇల్లు, ఇంటిస్థలం లేదా అపార్టుమెంటులోని ఫ్లాటు ధర చెల్లింపుతో ఒకరి నుంచి మరొకరికి మారడానికి చట్టం ఏర్పరచిన క్రమాన్ని ఇంటి క్రయవిక్రయ ప్రక్రియ అంటారు. బేరం కుదుర్చుకోవడం, బయానా (ముందస్తు సొమ్ము) ఇవ్వడం, కాగితాలు లాయరుకు చూపించడం, అగ్రిమెంటు రాసుకోవడం, దస్తావేజు రిజిస్ట్రేషన్ చేయించడం, చివరికి మున్సిపాలిటీలో పేరు మార్పించుకోవడం ఇందులోని దశలు. చాలా కుటుంబాలకు జీవితంలో ఒక్కసారే ఎదురయ్యే వ్యవహారం కాబట్టి అనుభవం తోడుండదు. దాదాపు అందరికీ అవే సందేహాలు వస్తాయి. ఆ సందేహాల్లో ఎక్కువ భాగం ఒక్క అపోహలోంచి పుడతాయి: రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి ఇల్లు మనదైపోయిందనుకోవడం. రిజిస్ట్రేషన్ చట్టం లావాదేవీని నమోదు చేస్తుంది. అమ్మినవారికి అమ్మే హక్కు ఉందని మాత్రం పూచీ పడదు. ఆ పరిశీలన భారం కొనేవారిదే. అది డబ్బు చేతులు మారకముందే పూర్తికావాలి.

మూల చట్టాలు

అమ్మకం అంటే ఏమిటో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 54వ సెక్షన్ చెబుతుంది. నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. అదే సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం, అంటే అగ్రిమెంటు, తనంతట తాను ఆస్తిపై ఎలాంటి హక్కునూ సృష్టించదు. 55వ సెక్షన్ ఇరుపక్షాల బాధ్యతలు చెబుతుంది. ఆస్తిలో గాని హక్కులో గాని తనకు తెలిసిన లోపాలను, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని వాటిని, అమ్మేవారు దాచకూడదు. అమ్మకం తేదీ వరకు ఉన్న పన్నులు, బకాయిలు అమ్మేవారే కట్టాలి.

దస్తావేజు నమోదు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కిందికి, స్టాంపు సుంకం 1899 నాటి భారత స్టాంపు చట్టం, దానికి రాష్ట్రాలు చేసుకున్న సవరణల కిందికి వస్తాయి. కొత్త ప్రాజెక్టులకు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, వర్తిస్తుంది. వీటితో పాటు వారసత్వ చట్టాలు, ఆదాయపు పన్ను చట్టం, స్థానిక సంస్థల నిర్మాణ నిబంధనలు కూడా ప్రతి ఇంటి లావాదేవీలోనూ పనిచేస్తాయి.

రిజిస్ట్రేషన్ ఇచ్చేది, ఇవ్వనిది

సబ్‌రిజిస్ట్రార్ ప్రధానంగా చూసేది దస్తావేజు రాసిచ్చిన వ్యక్తి వచ్చాడా, తానే రాసిచ్చానని ఒప్పుకున్నాడా, సుంకం సరిగా చెల్లించారా, ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా అన్న సంగతులే. హక్కు నిజమా కాదా అని విచారించే అధికారం రిజిస్ట్రేషన్ చట్టం ఆయనకు ఇవ్వలేదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టం చేసింది. తమిళనాడు చేసిన ఒక నిబంధనను ఆ కారణంగానే కొట్టివేసింది. కనుక హక్కు లేనివాడు రాసిచ్చిన దస్తావేజు కూడా రిజిస్టరు కావచ్చు. అయినా కొన్నవారికి దక్కేది అమ్మినవారికి ఉన్న హక్కు మాత్రమే.

ప్రభుత్వమే హక్కుకు పూచీ పడే విధానం కోసం ప్రయత్నాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ భూహక్కు చట్టం ఆ ఉద్దేశంతోనే వచ్చింది. కానీ దానిపై తీవ్ర వివాదం రేగింది. 2024లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. అందువల్ల రెండు రాష్ట్రాల్లోనూ పాత పద్ధతే, అంటే కాగితాల వరుసను బట్టి హక్కును నిర్ధారించుకోవడమే, కొనసాగుతోంది.

హక్కు పరిశీలన

కొనబోయేవారు మొదట అడగాల్సినవి లింకు డాక్యుమెంట్లు. ఇప్పటి యజమానికి ఆస్తి ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చింది అనే గొలుసు కనీసం 30 ఏళ్ల వెనక్కి తెగకుండా ఉండాలన్నది లాయర్లు, బ్యాంకులు పాటించే ఆనవాయితీ. విక్రయ దస్తావేజు, భాగపంపకాల దస్తావేజు, గిఫ్టు సెటిల్‌మెంటు, వీలునామా, కోర్టు డిక్రీ: ఏ రూపంలో వచ్చినా సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఒక పత్రం నుంచి మరో పత్రానికి పొసగాలి. అసలు పత్రాలు కళ్లారా చూడాలి. ఒరిజినల్ పోయిందని చెప్పి సర్టిఫైడ్ కాపీ చూపిస్తే, ఆ ఒరిజినల్ ఏదైనా బ్యాంకులోనో వడ్డీ వ్యాపారి దగ్గరో ఉందేమోనని అనుమానించడం తప్పు కాదు. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు, పత్రికా ప్రకటన వంటి ఆధారాలు అడగాలి.

రెండోది ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. జనం నోట ఇది ఈసీ. ఆ ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తనఖాలు, గిఫ్టులు, విడుదల పత్రాలు ఇందులో కనిపిస్తాయి. 1983 తరవాతి వివరాలు రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. అంతకు ముందువి కార్యాలయంలోని పుస్తకాల్లో వెతికించాలి. ఈసీ శుభ్రంగా ఉంటే చాలునా? చాలదు. ఈసీ తయారయ్యేది స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం నుంచి. వీలునామాలు మూడో పుస్తకంలో, జీపీఏలు (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రాలు) సాధారణంగా నాలుగో పుస్తకంలో ఉంటాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టులో నడుస్తున్న దావాలు, కేవలం పత్రాలు అప్పగించి తీసుకున్న అప్పులు ఇందులో కనబడకపోవచ్చు. దావా పెండింగులో ఉన్న ఆస్తిని కొన్నవారు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందేనని ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అందుకే యజమాని పేరుతో జిల్లా కోర్టుల వెబ్‌సైటులో వెతకడం, తనఖాల కోసం కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయిలో చూడటం అవసరం.

మూడోది వారసుల సంగతి. తెలుగు నాట ఇళ్ల తగాదాల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. హిందూ పురుషుడు వీలునామా రాయకుండా చనిపోతే ఆయన వాటా భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే తల్లికి సమానంగా చెందుతుంది. కొడుకులు మాత్రమే సంతకాలు చేసి అమ్మిన ఇంటిపై ఏళ్ల తరవాత ఆడపడుచులు దావా వేయడం కోర్టుల్లో నిత్యం కనిపించేదే. వారి దావా న్యాయమైనదే. ఉమ్మడి ఆస్తిలో అవివాహిత కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశవ్యాప్త సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చింది. కూతురికి ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని, సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. కాబట్టి పెద్దల నుంచి వచ్చిన ఇంటిని కొనేటప్పుడు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెప్పించుకుని, అందులోని ప్రతి ఒక్కరినీ దస్తావేజులో చేర్చడమో, వారి నుంచి విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించడమో చేయాలి. వారసుల్లో మైనరు ఉంటే ఆ వాటా అమ్మకానికి కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా అమ్మితే మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని సవాలు చేయవచ్చు.

నాలుగోది నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, అసైన్డ్ భూములు, సీలింగు మిగులు భూముల వివరాలు జాబితాకెక్కుతాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా, తెలంగాణలో లావణి పట్టా భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. తరవాతి సవరణలు గడువులు, షరతులతో కొన్నిటికి సడలింపు ఇచ్చాయి. ఆ షరతు తీరిందో లేదో పత్రంలోనే చూడాలి. అరకు, పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70గా పేరుపడ్డ నిబంధన ప్రకారం గిరిజనేతరులు స్థిరాస్తి కొనడం చెల్లదు. అమ్మేవారు గిరిజనేతరులైనా అంతే.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు అవుతాయా? కావు. అవి స్వాధీనానికి కొంత ఆధారమే. గ్రామకంఠంలోని ఇళ్లకు తరచూ ఇవే మిగులుతాయి కాబట్టి అక్కడ పాత పంచాయతీ రికార్డులు, ఇరుగుపొరుగు దస్తావేజుల్లోని హద్దులు కూడా కలిపి చూడాలి.

అనుమతులు, నిర్మాణం

హక్కు సరిగా ఉన్నా కట్టడం అక్రమమైతే కొన్నవారే నష్టపోతారు. స్థలమైతే లేఅవుట్‌కు డీటీసీపీ, హెచ్‌ఎండీఏ, సీఆర్‌డీఏ వంటి సంస్థల ఆమోదం ఉందా, ఇల్లయితే మంజూరైన ప్లాను ప్రకారమే కట్టారా, అపార్టుమెంటయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అని చూడాలి. అనుమతి ఇచ్చేటప్పుడు స్థానిక సంస్థ భవనంలో కొంత భాగాన్ని బిల్డరు చేత తనఖా పెట్టించుకుంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే దాన్ని విడుదల చేస్తుంది. మీరు కొనే ఫ్లాటు ఆ తనఖా భాగంలో ఉందేమో ఈసీలో చూడటం మరవకూడదు.

చెరువుల పూర్తి నీటి మట్టం (ఎఫ్‌టీఎల్) హద్దుల్లో, దాని చుట్టూ బఫర్ జోన్‌లో కట్టిన ఇళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. హైదరాబాద్ ప్రాంతంలో 2024 జులైలో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతల తరవాత ఈ ప్రశ్న ఇంటింటికీ చేరింది. ఎఫ్‌టీఎల్ హద్దుల్లో ఉన్న కట్టడానికి రిజిస్టరైన దస్తావేజు, బ్యాంకు రుణం, ఇంటి నంబరు అన్నీ ఉన్నా అవి రక్షణ కవచం కావు. చెరువు మ్యాపును నీటిపారుదల శాఖ రికార్డుతో సరిచూసుకోవాలి.

బయానా, అగ్రిమెంటు

బేరం కుదిరాక కొంత సొమ్ము చెల్లించి అగ్రిమెంటు రాసుకోవడం ఆచారం. తెలంగాణలో ఈ సొమ్మును బయానా అంటారు. ఆంధ్ర జిల్లాల్లో బజానా, అడ్వాన్సు అనే మాటలు వాడుకలో ఉన్నాయి. అగ్రిమెంటులో ఆస్తి వివరం, మొత్తం ధర, చెల్లింపుల తేదీలు, రిజిస్ట్రేషన్ గడువు, అప్పులు తీర్చే బాధ్యత, మాట తప్పితే పర్యవసానం స్పష్టంగా ఉండాలి. బ్యాంకు రుణం రాకపోతే, హక్కులో లోపం బయటపడితే బయానా వాపసు ఇవ్వాలనే షరతు రాయించుకున్నవారికి తరవాత తలనొప్పి తప్పుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం అమ్మకపు అగ్రిమెంటు కూడా రిజిస్టరు చేయించాల్సిన పత్రమే. స్వాధీనం కూడా అప్పగిస్తున్నట్లు రాస్తే దానికి అమ్మకంతో సమానమైన స్టాంపు సుంకం పడుతుంది. అవతలివారు మాట తప్పితే ఒప్పందం అమలు చేయించమని కోర్టును కోరవచ్చు. గడువు తేదీ నుంచి మూడేళ్లలో, తేదీ రాసుకోకపోతే నిరాకరించినట్లు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. మిగతా సొమ్ము చెల్లించడానికి తాను మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని కొనేవారు రుజువు చేసుకోవాలి. అందుకు బ్యాంకు ఖాతా వివరాలు, రాతపూర్వక నోటీసులు ఎంతో అక్కరకొస్తాయి.

సొమ్ము నగదుగా ఇవ్వవచ్చా? స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి నిషేధించింది. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు. పైగా నగదుకు రసీదు లేకపోతే బేరం చెడిననాడు అడిగే ఆధారమే ఉండదు.

ఖర్చులు, పన్నులు

సుంకం లెక్కించేది దస్తావేజులో రాసిన ధర మీద, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ మీద ఏది ఎక్కువైతే దాని మీద. ఆంధ్రప్రదేశ్‌లో విక్రయ దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. తెలంగాణలో 2021 జులై 22 నుంచి ఇవి 5.5, 1.5, 0.5 శాతాలు. రెండు చోట్లా మొత్తం 7.5 శాతమే. 60 లక్షల ఇంటికి 4.5 లక్షలు అవుతుంది. వేరే ఒప్పందం లేకపోతే ఈ ఖర్చు కొనేవారిది. విలువ తక్కువ చూపారని అనుమానం వస్తే స్టాంపు చట్టం 47ఏ సెక్షన్ కింద దస్తావేజును పెండింగులో పెట్టి విలువ తేల్చే అధికారం శాఖకు ఉంది.

ధర తక్కువ రాయించుకుంటే లాభమా? అప్పటికి సుంకం తగ్గినట్లు అనిపిస్తుంది. కానీ కొన్నవారు రేపు అమ్మేటప్పుడు ఆ తక్కువ ధరే వారి కొనుగోలు విలువగా నిలిచి పన్ను పెరుగుతుంది. హక్కులో లోపం బయటపడితే దస్తావేజులో ఉన్న సొమ్ముకే పరిహారం అడగగలుగుతారు. నిజం రాయడమే చట్టబద్ధం. కొన్నవారికి మేలు చేసేదీ అదే.

విలువ 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ (మూలం వద్ద పన్ను కోత) కోసి అమ్మేవారి పాన్ మీద ప్రభుత్వానికి జమచేయాలి. అమ్మేవారికి లాభంపై పన్ను ఉంటుంది. 24 నెలలు దాటి ఉంచుకున్న ఇల్లయితే అది దీర్ఘకాలిక లాభం. 2024 జులై 23 నుంచి దీనిపై పన్ను ద్రవ్యోల్బణ సవరణ లేకుండా 12.5 శాతం. ఆ తేదీకి ముందే సంపాదించిన ఆస్తిని అమ్మే దేశవాసి వ్యక్తులు, హిందూ ఉమ్మడి కుటుంబాలు సవరణతో కూడిన 20 శాతం లెక్కను పోల్చి తక్కువదాన్ని వాడుకోవచ్చు. అమ్మకానికి ముందు ఏడాదిలో గాని తరవాత రెండేళ్లలో గాని మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా చట్టం షరతుల మేరకు మినహాయింపు దొరుకుతుంది.

రిజిస్ట్రేషన్ రోజు

దస్తావేజును లేఖరి చేతో లాయరు చేతో రాయించి, చలానా కట్టి, స్లాటు తీసుకుని ఇరుపక్షాలూ ఇద్దరు సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్తారు. ఆధార్, పాన్, లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదులు వెంట ఉండాలి. అమ్మేవారు, కొనేవారు ఇద్దరి ఫొటోలు, వేలిముద్రలు దస్తావేజుకు జతచేయాలని 2001లో వచ్చిన సవరణ చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో మొదలైన కార్డ్ కంప్యూటర్ వ్యవస్థతో నకలు రాసే పద్ధతి పోయి, పత్రాన్ని స్కాన్ చేసి భద్రపరచడం వచ్చింది.

సంతకం చేసిన తేదీ నుంచి నాలుగు నెలల్లో దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. తప్పనిసరి కారణాలుంటే జరిమానాతో మరో నాలుగు నెలలు దొరుకుతాయి. రిజిస్టరయ్యాక అది సంతకం చేసిన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్లు లెక్క. మంచానపడ్డ పెద్దవారి కోసం అధికారి ఇంటికి వచ్చే వెసులుబాటు రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే కారణం రాసివ్వమని అడగవచ్చు, జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఆ తరవాత మున్సిపాలిటీ లేదా పంచాయతీ రికార్డుల్లో పేరు మార్పు, కరెంటు, నల్లా కనెక్షన్ల బదిలీ జరగాలి. మ్యూటేషన్ అనే ఈ పేరు మార్పు పన్ను వసూలు కోసం ఉద్దేశించినది. అది హక్కును ఇవ్వదు, తీసేయదు. అమ్మేవారికి బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్లు పత్రం, తనఖా విడుదల దస్తావేజు కొనేవారి చేతికి రావాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకులు ఆస్తి పత్రాలు తిరిగివ్వాలని, ఆలస్యం తమ వల్ల జరిగితే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

కొత్త ఫ్లాట్లు, రెరా

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని వచ్చే ప్రాజెక్టు రెరాలో నమోదు కాకుండా అమ్మకాలు మొదలుపెట్టరాదు. ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రిజిస్టరు చేయాలి. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు నిర్మాణానికి, భూమి ఖర్చుకే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉండాలి. గడువుకు ఇల్లు ఇవ్వకపోతే కొన్నవారు తప్పుకుని వడ్డీతో సొమ్ము వెనక్కి అడగవచ్చు, లేదా కొనసాగుతూ ఆలస్యానికి వడ్డీ పొందవచ్చు. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. ‘ప్రీ లాంచ్’ పేరుతో అనుమతులు, రెరా నంబరు రాకముందే సగం ధరకు ఫ్లాటు ఇస్తామనే బేరాల్లో ఈ రక్షణలేవీ కొనేవారికి సకాలంలో అందవు.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, చట్టం నిర్వచించిన చౌక గృహాలకు 1 శాతం. పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చాక కొన్నదానికి, పాత ఇంటికి జీఎస్టీ లేదు. దస్తావేజులో ఫ్లాటు విస్తీర్ణంతో పాటు అవిభక్త స్థల వాటా ఎన్ని చదరపు గజాలో తప్పక ఉండాలి. భవనం పాతబడి తిరిగి కట్టే రోజున విలువ నిలిచేది ఆ వాటాకే.

జీపీఏ, నోటరీ, సాదా బైనామా

జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి రాయించుకుని దాన్నే కొనుగోలు అనుకునే అలవాటు చాలాకాలం సాగింది. ఇలాంటి లావాదేవీలు యాజమాన్యాన్ని బదలాయించవని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో ప్రకటించింది. హైదరాబాద్ పాత కాలనీల్లోని నోటరీ ఇళ్లకు, తెల్లకాగితంపై రాసుకున్న సాదా బైనామాలకు కూడా ఇదే బలహీనత ఉంది. నోటరీ ముద్ర సంతకాన్ని ధ్రువీకరిస్తుందే గాని రిజిస్ట్రేషన్ కాదు. ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్రమబద్ధీకరణ అవకాశాలు ఇచ్చాయి. వాటి మీద ఆశతో కొత్తగా ఇలాంటి ఆస్తి కొనడం మాత్రం క్షేమం కాదు.

విదేశాల్లో ఉన్నవారు

అమెరికా, గల్ఫ్ తదితర దేశాల్లోని ప్రవాస తెలుగువారు, ఓసీఐ కార్డు ఉన్నవారు ఇక్కడ ఇల్లు, ఫ్లాటు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనరాదు. స్వయంగా రాలేనివారు అక్కడి నోటరీ ముందు గాని భారత కాన్సులేటులో గాని పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తారు. అది దేశంలోకి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఆ ఒక్క ఆస్తికి, ఆ ఒక్క పనికి పరిమితమైన స్పెషల్ పవర్ ఇవ్వడం మేలు. జీపీఏ ద్వారా అమ్ముతున్న ఇంటిని కొనేవారు, రాసిచ్చిన మనిషి బతికి ఉన్నారా, దాన్ని రద్దు చేశారా అని నేరుగా కనుక్కోవాలి. సాధారణంగా ఆ మనిషి మరణంతో ఆ అధికారం ముగుస్తుంది. ప్రవాసి అమ్ముతుంటే ఒక శాతం టీడీఎస్ సరిపోదు. ఎక్కువ రేటు వర్తిస్తుంది. కోయకపోతే ఆ బాధ్యత కొన్నవారి మీద పడుతుంది.

వివాదాలు, పరిష్కారాలు

రిజిస్టరైన అమ్మకాన్ని అమ్మినవారు ఒంటరిగా రద్దు చేయవచ్చా? చేయలేరు. కొన్నవారికి తెలియకుండా రద్దు దస్తావేజులు రిజిస్టరు చేయించే బెడద పెరగడంతో ఆంధ్రప్రదేశ్ 2006లో నిబంధన తెచ్చింది. ఇరుపక్షాల సమ్మతి గాని కోర్టు ఉత్తర్వు గాని ఉండాలన్నది దాని సారం. ఈ రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2010లో ఏకపక్ష రద్దు చెల్లదని చెప్పింది. హద్దు, సర్వే నంబరు తప్పు పడితే ఇరుపక్షాలూ కలిసి సవరణ దస్తావేజు రాసుకోవచ్చు. హక్కు తగాదాలు సివిల్ కోర్టుకు, బిల్డరుపై ఫిర్యాదులు రెరాకు, నకిలీ పత్రాలు, మోసం పోలీసులకు వెళ్తాయి. ఖాళీ స్థలాన్ని కొని వదిలేస్తే ఆక్రమణదారు పన్నెండేళ్ల బహిరంగ, నిరంతర స్వాధీనంతో హక్కు కోరే ప్రమాదం ఉంది. కంచె వేయడం, పన్ను కట్టడం, ఏడాదికొకసారి ఈసీ తీసి చూడటం యజమానులకు తగిన అలవాట్లు.

హక్కు దావా మొదలైతే అప్పీళ్లతో కలిపి ఒక తరం గడిచిపోవచ్చు. గెలిచినవారికీ ఆ ఏళ్లు తిరిగిరావు. లాయరు పరిశీలనకయ్యే ఖర్చు ఇంటి ధరలో చాలా చిన్న భాగం. దానికి పట్టే సమయం కొద్ది వారాలు. ‘ఇవాళే బయానా ఇవ్వకపోతే ఇల్లు చేజారుతుంది’ అని తొందరపెట్టినా, కాగితాలు పూర్తిగా చూసేవరకు ఆగడానికి కొనేవారికి హక్కు ఉంది. నిజాయతీగా అమ్మేవారికి ఆ వ్యవధి ఇవ్వడంలో నష్టం లేదు.